మూడు నిమిషాలు

కారా-బాల్తాలో అయిదింటికి ఇంకా చీకటే.
తాళం తిప్పగానే నా హోండా జపాను భాషలో ఒక మాట అంటుంది.
ఆడగొంతు. ఎంతో మర్యాద.
ఆరేళ్ళుగా అదే మాట.
"శుభోదయం" అంటోందని నేను,
"పెట్రోలు పోయించు" అంటోందని తమ్ముడు ఎర్మెక్,
"మమ్మల్ని దిగిపొమ్మంటోందర్రా" అని
ఓష్ వెళ్ళే ప్రతిసారీ వెనక సీటు పట్టే ఉరుమ్‌కాన్ అవ్వ.

నా పద్ధతి నాకుంది.
పుల్ల లాగి, తుడిచి, ముంచి, మళ్ళీ లాగి
నూనె రెండు గీతల నడుమ ఆగిందో లేదో చూస్తాను.
రేడియేటరు డబ్బాలో ఆకుపచ్చ నీళ్ళు, గడ్డకట్టని రకం.
బ్రేకు తొక్కిపట్టి పది లెక్కపెడతాను,
కాలు కిందికి జారకూడదు.
తో-అషూ కనుమ దిగేటప్పుడు
దేవుడికన్నా ముందు ఆ పాదమే గుర్తొస్తుంది.
టైర్లని మాత్రం తన్ని చూసేవాణ్ణి,
గుర్రం డెక్క ఎత్తి చూసే మా నాన్న కొడుకుని కదా.
"తంతే గాలి లెక్క చెబుతుందా, బైకే?" అని
మెకానిక్కు సైకల్ తన గేజి నా జేబులో పడేసింది.

ఆ పిల్లే ఒకనాడు డ్రైవరు సీట్లో కూచుని
బెల్టు గూట్లోంచి నాలుకను పీకింది.
పట్టీ లేని ఉత్తి నాలుక,
బజార్లో నూటయాభై సోములు,
గుచ్చితే చాలు, కారు గొణగడం మానేస్తుంది.
"ఇంకా ఎన్ని నోళ్ళు మూయించావు?" అంది.
"ఇంకేం లేవు. చూడు, ఒక్క దీపం కూడా వెలగడం లేదు."

సైకల్ తాళం తిప్పింది. ఆపింది. మళ్ళీ తిప్పింది.
"ఒళ్ళో బంతి పెట్టుకున్న మనిషి బొమ్మ ఏది?
తిప్పినప్పుడల్లా ఓసారి వెలిగి ఆరాలి వాడు."
"వెలగకపోతే మంచిదే కదా?"
"పిలిస్తే పలకాలి, బైకే.
పలకనివాణ్ణి పడుకున్నాడనుకుంటే ఎలా?"

బ్యాటరీ నల్లతీగ విప్పింది.
అరచెయ్యి ఇనుముకి ఆనించి
"మూడు నిమిషాలు ఏదీ ముట్టుకోకు" అంది.
"తీగ ఊడినా కాసేపు దాని గుండెలో కరెంటు ఉంటుంది."

మూడు నిమిషాలు.
షెడ్డు రేకు మీంచి మంచు జారింది.
ఇంజను టిక్కు టిక్కుమంటూ చల్లబడింది.
నాకు పక్కసీటు కనిపించింది. అందులో
కురుత్ ఉండలు నములుతూ దారంతా అబద్ధాలు చెప్పిన సైనికుడు.
కొత్త బూట్లు తొడుక్కోకుండా ఒళ్ళో పెట్టుకున్న పంతులు.
హీటరు దగ్గర వెచ్చగా ఉంటుందని
నేనే, ఈ నోటితోనే,
ముందుకు పిలిచి కూచోబెట్టిన బాలింత,
ఆమె చేతుల్లో పదకొండు రోజుల పసిగుడ్డు.
మూడు నిమిషాలు ఇంత పొడుగని తెలీదు.

స్టీరింగు మూత ఊడింది.
మడిచిన సంచి ఉండాల్సిన గూట్లో
ఉండచుట్టిన రష్యన్ పేపరు.
సగం నింపిన గళ్ళనుడికట్టు.
అమ్మినవాడు రొట్టె మీద చెయ్యి వేసి ఒట్టేశాడు.
ఆ రొట్టే తుంచుకుని ఇద్దరం తిన్నాం.
"పక్కసీటుది కూడా చూద్దామా?" అంది.
వద్దన్నాను. తర్వాత సరే అన్నాను.
అక్కడ పేపరు కూడా లేదు.

సంచులకి మూడు నెలల సంపాదన పోయింది.
ఇప్పుడు బొమ్మమనిషి ఎర్రగా వెలుగుతాడు,
ఆరు లెక్కపెట్టేలోగా ఆరిపోతాడు.
ఆరేదాకా గేరు ముట్టుకోను.

జపాను ఆవిడ మాటని కూడా
సైకల్ ఫోన్లో పట్టి అర్థం లాగింది.
వాళ్ళ దేశంలో టోలుగేట్ల కార్డట.
"కార్డు లోపల పెట్టలేదు" అంటోందట, అంతే.

అవ్వకి చెప్పాను. నమ్మలేదు.
"ఒక్క కార్డు కోసం ఆరేళ్ళు మొత్తుకుంటుందా ఏ ఆడదైనా?
లోపల ఏదో లేదని చెప్పిందిరా, నువ్వే వినలేదు"
అంటూ బెల్టు కోసం సీటు సందులో తడిమింది.
దొరికేదాకా బండి కదిలించలేదు.